హార్స్‌పవర్‌కి ఎన్ని డాలర్లు?

ముందు రెండు ధరలు చూద్దాం. కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ అనే సెడాన్ 2022 మోడల్‌గా అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు ప్రారంభ ధర 84,990 డాలర్లు. ఇది మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో తయారవుతుంది. మరుసటి మోడల్ ఏడాదికి అదే కంపెనీ ఎస్కలేడ్-వీ అనే ఎస్‌యూవీని తెచ్చింది. అది తయారయ్యేది టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ డాలస్‌కు దగ్గర్లోనే. అప్పట్లో దాని ధర దాదాపు లక్షా 50 వేల డాలర్లు.

రెండింట్లోనూ ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8 ఇంజన్. సెడాన్‌లో అది 668 హార్స్‌పవర్ ఇస్తుంది, ఎస్‌యూవీలో 682. శక్తిలో తేడా 14 హార్స్‌పవర్. ధరలో తేడా 65 వేల డాలర్లు.

పెద్ద బండి కాబట్టి ఎక్కువ ధర అనుకోవచ్చు. కొంతవరకు నిజమే. కానీ మామూలు సీటీ5 అప్పట్లో 40 వేల డాలర్ల లోపే దొరికేది, మామూలు ఎస్కలేడ్ సుమారు 80 వేలకు. అంటే శక్తిమంతమైన రూపంలోకి మార్చినందుకు సెడాన్ మీద కంపెనీ అదనంగా అడిగింది దాదాపు 47 వేలు, ఎస్‌యూవీ మీద అడిగింది దాదాపు 70 వేలు. అదే రకం ఇంజన్‌కి ఒకచోట ఒక ధర, ఇంకోచోట ఇంకో ధర. అమెరికన్ లగ్జరీ పెర్ఫార్మెన్స్ కార్ల మార్కెట్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. ధరను తయారీ ఖర్చు ఒక్కటే నిర్ణయించదు. ఆ బండికి కొనుగోలుదారు ఎంత ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడన్నది అంతకంటే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఒక కొలబద్ద

నగల దుకాణంలో బంగారం గ్రాము ధర అందరికీ ఒకటే. బిల్లులో తేడా వచ్చేది తరుగు, మజూరీ దగ్గర. కార్లలో హార్స్‌పవర్‌ను గ్రాములా పెట్టుకుని లెక్కేస్తే మజూరీ ఎవరు ఎంత వసూలు చేస్తున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. విడుదలైనప్పటి అమెరికా ప్రారంభ ధరను హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చే లెక్క ఇది, సుమారుగా:

- షెవర్లే కార్వెట్ సీ8 (2020): 59,995 డాలర్లు, 490 హార్స్‌పవర్. ఒక్కో హార్స్‌పవర్‌కి 122 డాలర్లు.
- కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ (2022): 84,990 డాలర్లు, 668 హార్స్‌పవర్. 127 డాలర్లు.
- బీఎండబ్ల్యూ ఎం5 (2021): సుమారు 1,04,500 డాలర్లు, 600 హార్స్‌పవర్. 174 డాలర్లు.
- మెర్సిడెస్-ఏఎంజీ ఈ63 ఎస్ (2021): సుమారు 1,08,500 డాలర్లు, 603 హార్స్‌పవర్. 180 డాలర్లు.
- కాడిలాక్ ఎస్కలేడ్-వీ (2023): సుమారు 1,50,000 డాలర్లు, 682 హార్స్‌పవర్. 220 డాలర్లు.
- పోర్షె 911 కరేరా (2020): సుమారు 98,700 డాలర్లు, 379 హార్స్‌పవర్. 260 డాలర్లు.

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, అమెరికన్ సెడాన్, స్పోర్ట్స్ కారు రెండూ జర్మన్ పోటీదారుల కంటే చాలా చౌక. ఎం5తో పోలిస్తే బ్లాక్‌వింగ్‌లో హార్స్‌పవర్ ధర నాలుగో వంతుకు పైగా తక్కువ. 911తో పోలిస్తే కార్వెట్‌లో సగానికంటే తక్కువ. రెండోది, అదే అమెరికన్ కంపెనీ ఎస్‌యూవీ దగ్గరికి వచ్చేసరికి జర్మన్ సెడాన్లను దాటి మజూరీ వసూలు చేయగలుగుతోంది. అంటే ఎక్కువ అడగడం చేతకాక కాదు. ఎక్కడ అడిగితే ఇస్తారో కంపెనీకి బాగా తెలుసు.

ఈ కొలబద్దకు పరిమితులున్నాయి. 911 ఆకర్షణ అంతా దాని తూకం, స్టీరింగ్, నిర్మాణ నాణ్యతలో ఉంటుంది. దాన్ని హార్స్‌పవర్‌తో కొలిస్తే అన్యాయమే. అయినా ఒకే తరగతి సెడాన్లను పక్కపక్కన పెట్టినప్పుడు ఈ లెక్క నిజం చెబుతుంది.

ఇంత చౌకగా ఎలా?

సమాధానం ఇంజన్‌లో ఉంది. షెవర్లే స్మాల్‌బ్లాక్ వీ8 మొదటిసారి 1955లో వచ్చింది. 2011 నాటికి షెవర్లే, కాడిలాక్‌ల మాతృసంస్థ జనరల్ మోటార్స్ తయారుచేసిన స్మాల్‌బ్లాక్ ఇంజన్ల సంఖ్య 10 కోట్లకు చేరింది. డిజైన్ ఎన్నోసార్లు మారినా మూలసూత్రం మారలేదు. ఇంజన్ మధ్యలో ఒకే క్యామ్‌షాఫ్ట్, దాన్నుంచి పుష్‌రాడ్ల ద్వారా వాల్వులు తెరుచుకోవడం. జర్మన్ వీ8లలో సాధారణంగా నాలుగు క్యామ్‌షాఫ్టులు, సిలిండర్‌కి నాలుగు వాల్వులు, వాటిని తిప్పే పొడవాటి చైన్లు ఉంటాయి. స్మాల్‌బ్లాక్‌లో విడిభాగాలు తక్కువ, ఎత్తు తక్కువ, బరువు తక్కువ. తయారీ ఖర్చూ తక్కువే.

అంతకంటే ముఖ్యం, ఆ ఖర్చును పంచుకునే బళ్లు చాలా ఉండటం. ఈ కుటుంబపు 6.2 లీటర్ల వీ8లు పికప్ ట్రక్కుల్లోనూ పరుగులు తీస్తున్నాయి. ఎల్‌టీ4 అనే సూపర్‌చార్జ్‌డ్ రూపం ఏడో తరం కార్వెట్ జడ్06లో, కమారో జడ్‌ఎల్1లో, కాడిలాక్ సీటీఎస్-వీలో పనిచేశాక బ్లాక్‌వింగ్‌లోకి వచ్చింది. డిజైన్, పరీక్షలు, అచ్చుల ఖర్చంతా ఇన్ని మోడళ్ల మీద సర్దుకుంటే ఒక్కో బండి మీద పడే భారం కొంచెమే.

దీనికి ఎదురు ఉదాహరణ కాడిలాక్ ఇంట్లోనే ఉంది. 2019లో సీటీ6-వీ కోసం కంపెనీ 4.2 లీటర్ల ట్విన్-టర్బో వీ8ను ప్రత్యేకంగా తయారుచేసి దానికి బ్లాక్‌వింగ్ అని పేరు పెట్టింది. 550 హార్స్‌పవర్ వరకు ఇచ్చే ఆధునిక ఇంజన్ అది. కానీ సీటీ6 తప్ప ఇంకే మోడల్‌కీ దాన్ని వాడలేదు. 2020లో సీటీ6 అమెరికాలో ఆగిపోగానే ఇంజన్ కథా ముగిసింది. తర్వాత వచ్చిన సీటీ5-వీ బ్లాక్‌వింగ్‌కు ఆ పేరు మిగిలింది, ఇంజన్ మాత్రం పాత స్మాల్‌బ్లాక్ వంశానిదే వచ్చింది.

పాతది కదా అని చిన్నచూపు చూడనక్కర్లేదు. సీటీ5-వీ బ్లాక్‌వింగ్ ఇంజన్‌ను కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో చేత్తో కూరుస్తారు. బానెట్ ఎత్తితే ఇంజన్ మీద చిన్న పలక, దాని మీద ఆ ఇంజన్‌ను కూర్చిన టెక్నీషియన్ పేరు కనిపిస్తాయి. ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ అదనపు ధర లేకుండా వస్తుంది. ఆటోమేటిక్ కావాలంటేనే ఎక్కువ చెల్లించాలి. గరిష్ఠ వేగం గంటకు 320 కిలోమీటర్ల పైనే. ఎం5లో మాన్యువల్ గేర్‌బాక్స్ 2010లలోనే ముగిసిపోయింది. వీ8, మాన్యువల్ రెండూ కలిసిన కొత్త సెడాన్ కావాలనుకునేవాళ్లకు బ్లాక్‌వింగ్‌కి సాటి దొరకడం లేదు. 2021 ఫిబ్రవరిలో రిజర్వేషన్లు తెరిచినప్పుడు మొదటి 250 కార్లు నిమిషాల్లో అయిపోయాయంటే కారణం ఇదే.

పేరు పోగొట్టుకున్న చరిత్ర

తక్కువ ఖర్చుతో తయారుచేయగలగడం ఒక కారణం. తక్కువకు అమ్మక తప్పని పరిస్థితి ఇంకో కారణం. దాని వెనుక నాలుగు దశాబ్దాల కథ ఉంది.

1987 మోడల్‌గా కాడిలాక్ అలాంటే అనే రెండు సీట్ల ఓపెన్‌టాప్ కారును తెచ్చింది. బాడీలను ఇటలీలోని టూరిన్‌లో పినిన్‌ఫరీనా తయారుచేసేది. ఒక్కో బోయింగ్ 747లో 56 బాడీల చొప్పున డెట్రాయిట్‌కి విమానంలో తెచ్చి ఇంజన్లు బిగించేవారు. ధర 54,700 డాలర్లు. ఇంజన్ ఇచ్చేది 170 హార్స్‌పవర్. మన కొలబద్ద ప్రకారం ఒక్కో హార్స్‌పవర్‌కి దాదాపు 322 డాలర్లు, అదీ 1980ల డాలర్లు. కంపెనీ ఏడాదికి 6 వేల కార్లు అమ్ముదామనుకుంది. 1993లో ఆపేసేనాటికి ఏడు మోడల్ సంవత్సరాల్లో కలిపి తయారైనవి 21 వేల పైచిలుకు. 1993లో 295 హార్స్‌పవర్ నార్త్‌స్టార్ ఇంజన్ పెట్టి అసలు లోపం సరిదిద్దారు గానీ అప్పటికే ఆలస్యమైంది. పేరు చూపించి ఎక్కువ అడిగితే, ఆ పేరును నిలబెట్టే పనితనం మొదటిరోజు నుంచే బండిలో ఉండాలి. అలాంటే నేర్పిన పాఠం అదే.

ఆ తర్వాత కాడిలాక్ దారి మార్చింది. ముందు పనితనం, తర్వాతే ధర. 2009 సీటీఎస్-వీలో 556 హార్స్‌పవర్ పెట్టి పన్నులు కాక 60 వేల డాలర్ల లోపు అడిగింది; 500 హార్స్‌పవర్ ఇచ్చే ఎం5 అప్పట్లో 80 వేలు దాటేది. 2008 మేలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను ఆ సీటీఎస్-వీ 8 నిమిషాల లోపు చుట్టి వచ్చింది. 2016లో 640 హార్స్‌పవర్‌తో వచ్చిన తర్వాతి తరం ధర 84,990 డాలర్లు. ఆరేళ్ల తర్వాత 668 హార్స్‌పవర్ బ్లాక్‌వింగ్‌కి పెట్టిన ధర కూడా 84,990 డాలర్లే. మధ్యలో ధరలన్నీ పెరిగాయి, కొత్త తరం మాత్రం పాత అంకె దగ్గరే మొదలైంది. కొనుగోలుదారు నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవడానికి కంపెనీ కట్టుకున్న ధర అది.

ఎస్కలేడ్‌కి ఆ అవసరం లేదు. పెద్ద అమెరికన్ ఎస్‌యూవీ అనగానే అమెరికాలో గుర్తొచ్చే పేరు అదే. ఆ పరిమాణంలో, ఆ హోదాలో పోటీదారులు తక్కువ. సెడాన్ కొనేవాడి ముందు ఎం5, ఈ63 ఉండేవి కాబట్టి కాడిలాక్ తగ్గాల్సి వచ్చింది. ఎస్‌యూవీ కొనేవాడు ముందే ఎస్కలేడ్ అని నిశ్చయించుకుని వస్తాడు కాబట్టి తగ్గక్కర్లేదు. మొదట్లో చూసిన 65 వేల డాలర్ల రహస్యంలో పెద్ద వాటా దీనిదే.

అరుదుకు కట్టే వెల

అమెరికన్ కారుకు ఎక్కువ ధర రాదనుకుంటే పొరపాటు. 2017 ఫోర్డ్ జీటీ ధర సుమారు 4 లక్షల 50 వేల డాలర్లు, శక్తి 647 హార్స్‌పవర్. ఒక్కో హార్స్‌పవర్‌కి 695 డాలర్లు. మొత్తం తయారుచేసింది 1,350 కార్లే. కొనాలనుకున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి, ఎంపికైతేనే కారు. రెండేళ్లపాటు అమ్మకూడదన్న ఒప్పందం కూడా ఉండేది. ఆ షరతు ఉల్లంఘించారంటూ నటుడు, మల్లయోధుడు జాన్ సీనా మీద 2017లో ఫోర్డ్ కోర్టుకెక్కింది. 2018లో రాజీ కుదిరింది. 1966 లమాన్స్ రేసు విజయం, 2016లో అదే పోటీలో తరగతి విజయం ఈ కారు వెనుక ఉన్నాయి. ఆ చరిత్రకు, ఆ తక్కువ సంఖ్యకే అంత వెల.

ఇప్పుడు 2025 నాటి పోటీ చూడండి. ఫోర్డ్ మస్టాంగ్ జీటీడీ: 815 హార్స్‌పవర్, ధర సుమారు 3 లక్షల 25 వేల డాలర్లు. 2025లో నూర్‌బర్గ్‌రింగ్‌ను 6 నిమిషాల 52.072 సెకన్లలో చుట్టింది. అదే ఏడాది షెవర్లే కార్వెట్ జడ్‌ఆర్1, 1,064 హార్స్‌పవర్‌తో, కంపెనీ సొంత ఇంజనీరు నడపగా 6 నిమిషాల 50.763 సెకన్లలో పూర్తి చేసింది. జడ్‌ఆర్1 ప్రారంభ ధర 1,74,995 డాలర్లు, హార్స్‌పవర్‌కి 164. జీటీడీకి 399. దాదాపు సగం ధరకే అంతకంటే తక్కువ సమయం. ఈ రెంటిలో ఏది మంచి బేరమో అంకెలే చెబుతున్నాయి. ఏది ఎక్కువ కోరికను పుట్టిస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న. ఫోర్డ్ దానికే ధర కట్టింది.

స్టిక్కర్ మీద ఏముంటుంది?

అమెరికాలో షోరూమ్‌లో నిలబెట్టిన ప్రతి కొత్త కారు కిటికీ అద్దానికీ ఒక కాగితం అతికించి ఉంటుంది. 1958 చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన సెనేటర్ మైక్ మన్రోనీ పేరు మీద దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. పైన మూల ధర, దాని కింద ఒక్కో ఆప్షన్‌కి విడివిడిగా ధర, తర్వాత కర్మాగారం నుంచి డీలరు దాకా రవాణా ఖర్చు, చివర మొత్తం. మైలేజీ అంచనా, కారు ఎక్కడ తయారైంది, విడిభాగాల్లో స్వదేశీ వాటా ఎంత అన్నవీ అందులోనే ఉంటాయి. ప్రకటనల్లో కనిపించే ధరకి రవాణా ఖర్చు కలిపారో లేదో ముందు చూసుకోవాలి. వెయ్యి డాలర్లకు పైగా తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఆ మొత్తం కంపెనీ సూచించే ధర మాత్రమే. చాలా రాష్ట్రాల్లో ఫ్రాంచైజీ చట్టాల వల్ల సంప్రదాయ కంపెనీలు నేరుగా అమ్మలేవు, డీలర్ల ద్వారానే అమ్మాలి. డీలరు తనకు తోచిన ధర అడగొచ్చు. గిరాకీ ఎక్కువున్న మోడల్ అయితే స్టిక్కర్ పక్కనే ఇంకో కాగితం వెలుస్తుంది, ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ అంటూ వేల డాలర్ల అదనంతో. ఆ అదనం తయారీదారుకు వెళ్లదు. అందుకే 2022లో జనరల్ మోటార్స్ కార్వెట్ జడ్06ను ఏడాదిపాటు తమ దగ్గరే ఉంచుకున్న తొలి యజమానులకు 5 వేల డాలర్ల విలువైన రివార్డు పాయింట్లు ప్రకటించింది. తొందరపడి అమ్మేస్తే వారంటీ బదిలీ కాదని హెచ్చరించింది. డాడ్జ్ కంపెనీ తన 1,025 హార్స్‌పవర్ డీమన్ 170 విషయంలో కంపెనీ ధరకో, అంతకంటే తక్కువకో అమ్మే ఆర్డర్లకు ముందు వరస ఇచ్చింది.

స్టిక్కర్ మీద ఇంకో వరస, ‘గ్యాస్ గజ్లర్ ట్యాక్స్’. 1978 చట్టంతో వచ్చింది. పరీక్షలో గ్యాలన్‌కి 22.5 మైళ్లు ఇవ్వని కారు మీద వెయ్యి నుంచి 7,700 డాలర్ల దాకా పడుతుంది. కానీ ఇది ప్యాసింజర్ కార్లకే. ఎస్‌యూవీలు, పికప్‌లు, మినీవ్యాన్లకు మినహాయింపు. చట్టం రాసిన రోజుల్లో అవి ఇంటి బళ్లు కావు, పని బళ్లు. ఫలితంగా 668 హార్స్‌పవర్ సెడాన్ ఈ పన్ను పరిధిలోకి వస్తుంది, దానికంటే బరువైన 682 హార్స్‌పవర్ ఎస్‌యూవీకి ఒక్క డాలరూ పడదు. ఇంధనం పొదుపు కోసం పుట్టిన చట్టం ఎక్కువ తాగే బండికి మినహాయింపు ఇవ్వడం సరికాదు. అమెరికన్ కంపెనీలు సెడాన్లు వదిలి ఎస్‌యూవీల వైపు మళ్లడానికి ఉన్న కారణాల్లో ఇలాంటి నిబంధనలూ ఉన్నాయి.

విద్యుత్తుతో చౌకైన శక్తి

2021 జూన్‌లో 1,020 హార్స్‌పవర్ టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1,29,990 డాలర్లకు వచ్చింది. హార్స్‌పవర్‌కి 127 డాలర్లు, అంటే సరిగ్గా బ్లాక్‌వింగ్ అంత. 2023 సెప్టెంబరు నాటికి దాని ధర 89,990 డాలర్లకు పడిపోయింది. హార్స్‌పవర్‌కి 88 డాలర్లే. ఆ ఏడాది మొదట్లో లక్షా 15 వేలు పెట్టి కొన్నవాళ్ల కారు విలువ, ఒక్క కిలోమీటరు నడపకపోయినా, 25 వేల డాలర్లు తగ్గిపోయింది.

మోటార్లతో హార్స్‌పవర్ తేలిగ్గా వస్తుంది. కాడిలాక్ తెచ్చిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ లిరిక్-వీ కూడా సుమారు 80 వేల డాలర్లకు 615 హార్స్‌పవర్ ఇస్తోంది. ఎక్కువ శక్తి, తక్కువ ధర అన్న పాత అమెరికన్ బలం ఇకముందు ఒక్కటే సరిపోదు. లూసిడ్ ఎయిర్ సఫైర్ 1,234 హార్స్‌పవర్‌కి 2,49,000 డాలర్లు అడుగుతుంటే, కాడిలాక్ సెలెస్టిక్ మిషిగన్‌లోని వారెన్‌లో ఒక్కొక్కటిగా చేత్తో తయారై 3 లక్షల డాలర్లు దాటుతోంది. అక్కడ అమ్ముతున్నది శక్తి కాదు, కొనేవాడి అభిరుచికి తగ్గట్టు చేసే పని.

సరిహద్దు దాటితే

ఇంత చౌకగా దొరికే ఈ అమెరికన్ వీ8 కార్లు ప్రపంచమంతా ఎందుకు కనిపించవు? ఫ్రాన్స్‌లో 2025లో కర్బన ఉద్గారాలు ఎక్కువున్న కారు కొంటే పడే జరిమానా పన్ను గరిష్ఠంగా 70 వేల యూరోలు. పెద్ద వీ8 ఉన్న బండికి ఆ గరిష్ఠమే పడుతుంది. డెట్రాయిట్ సంపాదించి పెట్టిన ధర లాభమంతా ఒక్క పన్నుతో కరిగిపోతుంది. పైగా కుడివైపు స్టీరింగ్‌తో కర్మాగారం నుంచి కార్వెట్ రావడం 2020లో మొదలైన సీ8 తరంతోనే మొదలైంది; బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియాలకు అలాంటి కార్వెట్ వెళ్లింది ఆ తర్వాతే.

మన దేశంలో లెక్క ఇంకా బరువు. 40 వేల డాలర్లు దాటిన దిగుమతి కారు మీద 2025 బడ్జెట్ తర్వాత 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు, కలిపి 110 శాతం. దాని మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. డాలరు 85 రూపాయలనుకుంటే 85 వేల డాలర్ల కారు 72 లక్షల 25 వేలు. సుంకంతో కోటీ 51 లక్షల 72 వేలు. జీఎస్టీతో 2 కోట్ల 12 లక్షలు. ఓడ ఖర్చు, బీమా, ఆపైన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కట్టే లైఫ్ ట్యాక్స్ ఇందులో చేరలేదు. సుంకం పడేది రేవుకు చేరేనాటి ఇన్వాయిస్ విలువ మీద కాబట్టి దేశంలో సొంత సంస్థ ఉన్న కంపెనీలు కొంత తగ్గించగలవు. అమెరికాలో 1,19,500 డాలర్లకు మొదలైన ఎం5ను 2024 నవంబరులో ఇక్కడ కోటీ 99 లక్షలకు అమ్మడం అలాగే సాధ్యమైంది. జనరల్ మోటార్స్ 2017 చివరికే మన మార్కెట్లో అమ్మకాలు ఆపేసింది కాబట్టి కాడిలాక్‌కి ఆ వెసులుబాటు లేదు. 2016లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీని 65 లక్షలకు తెచ్చినప్పుడు అమెరికాలో దాని ప్రారంభ ధర సుమారు 33 వేల డాలర్లు, అప్పటి మారకంలో 22 లక్షల పైచిలుకు. బేరంగా పేరొందిన బండి ఇక్కడికొచ్చేసరికి మూడింతలైంది.

కొనేవాళ్లు చూడాల్సిన అంకెలు

అమెరికాలో ఉండి ఇలాంటి కారు కొనాలనుకునే తెలుగువాళ్లు స్టిక్కర్ ధర ఒక్కటే చూసి ఆగకూడదు. రవాణా, గజ్లర్ పన్ను, డీలరు అదనం, రాష్ట్రపు అమ్మకపు పన్ను అన్నీ కలిపి చేతికి తాళం ఇచ్చేనాటికి ఎంతవుతుందో లిఖితంగా అడగాలి. ఆ తర్వాత బీమా, ప్రీమియం పెట్రోలు, త్వరగా అరిగే వెడల్పాటి టైర్ల ఖర్చు. చివరగా మూడు నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చే విలువ. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద అమెరికా 25 శాతం అదనపు సుంకం వేసి, ఆగస్టు నుంచి యూరప్ కార్లకు మొత్తం సుంకాన్ని 15 శాతానికి తగ్గించింది. జర్మనీ నుంచి వచ్చే ఎం5 మీద అది పడుతుంది, లాన్సింగ్‌లో తయారయ్యే బ్లాక్‌వింగ్ మీద కారుగా పడదు. ధరల తేడాను అది మరింత పెంచేదే.

ఇన్ని అంకెలు చూశాక నా అభిప్రాయం స్పష్టం. జర్మన్ కార్ల స్థాయి పనితనాన్ని లక్ష డాలర్లకు చాలా దిగువన అందించి, ఆరేళ్ల తర్వాత వచ్చిన కొత్త తరాన్నీ అదే ధరకు మొదలుపెట్టడం గొప్ప ఇంజనీరింగ్. ధర తక్కువని దాన్ని రెండో రకంగా చూడటం అన్యాయం. అయితే శక్తి ఇప్పుడు అందరికీ చౌకైంది. గేరు చేత్తో మార్చే అనుభవం, పేరు రాసి మరీ కూర్చిన ఇంజన్, మాటమీద నిలబడే ధర చౌక కాలేదు. డెట్రాయిట్ వీటిని కాపాడుకుంటే సెడాన్‌కి కూడా తగిన మజూరీ అడగగలదు. వీటిని వదిలేసి హార్స్‌పవర్ అంకెలే పెంచుకుంటూ పోతే, అంతకంటే పెద్ద అంకెను తక్కువ ధరకు ఇచ్చే ఎలక్ట్రిక్ కారు ఏటా ఒకటి వస్తూనే ఉంటుంది.